పిడికెడు బియ్యము – ప్రపన్నుని ముందుచూపు

శరణాగతికి పెద్దలు ఆరు అంగములను చెప్పియున్నారు. ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, భగవంతుడు తప్పక రక్షించునను మహావిశ్వాసము, ఆయననే రక్షకునిగా వరించుట, ఆత్మనిక్షేపము, కార్పణ్యము అనునవి ఆ ఆరు. వీనిలో మహావిశ్వాసమును గూర్చి విన్నంతనే కొందరికి సందేహము కలుగుచుండును. స్వామియే రక్షించువాడైనపుడు, రేపటి ఆపదకై నేడే సమకూర్చుకొనుట విశ్వాసలోపము కాదా? మరికొందరి బాధ వేరు. నెల గడచుటయే కష్టమైన సంసారమున ఆపదకై దాచుటకు మిగులెక్కడిది?

మొదటి సందేహమునకు సమాధానము వైష్ణవ సిద్ధాంతమునందే కలదు. శ్రీమన్నారాయణుడు శేషి, జీవులందరు ఆయనకు శేషభూతులు. ఇల్లు, బిడ్డలు, ఈ శరీరము సయితము స్వామి సొత్తే. గృహస్థుడు ఆ సొత్తునకు కావలివాడు మాత్రమే. యజమాని సమర్థుడు గదా యని కావలివాడు తలుపు వేయక నిద్రించినచో అది విశ్వాసమగునా, అలసత్వమగునా? ‘నాది’ యను మమకారముతో కూడబెట్టుట లోభము. ‘స్వామిది’ యను బుద్ధితో కాపాడుట కైంకర్యము. గజేంద్రుని రక్షణకు స్వామి పరుగున వచ్చెను గదా యని కొందరందురు. నిజమే. అయితే ఆ గజరాజు తనకున్న బలమంతయు వినియోగించి వేయి సంవత్సరములు మొసలితో పెనగులాడిన సంగతిని మరువరాదు.

రెండవ ప్రశ్నకు మహాభారతమున లాక్షాగృహ వృత్తాంతము చక్కని సమాధానము. వారణావతమునకు పంపబడిననాడు పాండవులకు రాజ్యము లేదు, కోశము లేదు, సైన్యము లేదు. విదురుడు ధర్మరాజును గూఢభాషలో హెచ్చరించెను. పిమ్మట నేర్పరియైన ఖనకుని పంపెను. అతడు ఇంటిలోనుండి సొరంగము త్రవ్వి, దాని ద్వారమును పలకలతో కప్పి నేలతో సమము చేసెను. పాండవులు వేట నెపమున అడవిలో తిరిగి త్రోవలు తెలిసికొనిరి. నక్షత్రములను బట్టి దిక్కులు గుర్తింపవచ్చునని విదురుడు ముందే సూచించియుండెను. హెచ్చరికను పెడచెవిని పెట్టకుండుట, బయటపడు దారి నెరిగియుండుట, చీకటిలో దిక్కు తెలిసియుండుట – ఈ మూడింటికిని కావలసినది ధనము కాదు, జాగరూకత.

ఆంధ్రతీరమున ఈ మాట విలువ అందరికిని తెలిసినదే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడగా అధికార గణాంకముల ప్రకారమే సుమారు 10,000 మంది అసువులు బాసిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసినను, హెచ్చరికలు ముందుగా అందుటచేతను, జనులను సురక్షిత స్థలములకు తరలించుటచేతను ప్రాణనష్టము దానితో పోల్చగా అతిస్వల్పము. గాలిని ఆపుట మానవుని వశము కాదు. హెచ్చరిక విని సకాలమున ఇల్లు కదలుట అతని వశమే.

ఇక సామాన్య గృహమున చేయదగిన ఏర్పాట్లు. పూటపూటకు ఎసటిలో పోయుటకు కొలిచిన బియ్యము నుండి ఒక పిడికెడు వేరొక కుండలో వేయుట మన ఇల్లాండ్ర పాత అలవాటు. పిడికెడు యాబది గ్రాములనుకొన్నను, రెండు పూటలకు నూరు గ్రాములు, నెలకు 3 కిలోలు. దానికి తోడు వండనక్కరలేని అటుకులు, వేయించిన శనగలు, బెల్లము కొద్దికొద్దిగా చేర్చవలెను. తుఫాను వార్త వినగనే మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున త్రాగునీరు మూతగల పాత్రలలో పట్టియుంచవలెను. రేషను కార్డు, ఆధార్ కార్డు, పొలము పాసు పుస్తకము, బ్యాంకు పుస్తకము ఒకే ప్లాస్టిక్ సంచిలో చుట్టియుంచవలెను. వృద్ధులు నిత్యము వాడు మందులు వారము దినములకు తక్కువ కాకుండ చూచుకొనవలెను. టార్చిలైటు, అగ్గిపెట్టె చేతికందు చోట నుండవలెను. వరదల వెంట అతిసారము వచ్చుట కద్దు. లీటరు శుభ్రమైన నీటిలో సమముగా కొలిచిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగించుచు రోగిని వైద్యునికడకు చేర్చవలెను. 108, 112 అను సంఖ్యలు ఇంట పిల్లలకు సయితము కంఠస్థములు కావలెను.

ఒక విషయము ముఖ్యముగ గమనింపదగినది. పెనుగాలి నడుమ హఠాత్తుగా అంతయు ప్రశాంతమైనచో తుఫాను వెడలిపోయెనని భ్రమపడి బయటికి రారాదు. అది తుఫాను కన్ను దాటు సమయము కావచ్చును. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి అంత తీవ్రముగను వీచును.

యాత్రకు వెడలువారికిని ఇదే నీతి. ధనమంతయు ఒక్కచోట నుంచక రెండు చోట్ల నుంచుకొనుట, తప్పిపోయినచో కలిసికొనవలసిన స్థలమును ముందే నిర్ణయించుకొనుట, పిల్లల జేబులలోను వృద్ధుల కొంగులలోను పేరు, బంధువుల ఫోను సంఖ్య వ్రాసిన చీటి యుంచుట – వీనికి వ్యయమేమున్నది?

ఆపద రాని యేడు ఆ కుండలోని బియ్యము వృథాయగునా? కాదు. నెలనెలా పాత బియ్యమును వండి స్వామికి నివేదించి, ఆ కుండను క్రొత్త బియ్యముతో నింపవలెను. ఆపద వచ్చిననాడు ఆ బియ్యము ఒక్క ఇంటిది కాదు. పొయ్యి తడిసిన పొరుగింటివాని ఆకలి తీరినపుడే అది తదీయారాధనమగును. ‘ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు’ అను సామెతకు తావీయక, చేయదగినది చేసి, ఫలమును స్వామి పాదములకడ నుంచుటయే ప్రపన్నుని లక్షణము. అట్టి బుద్ధిని, దానికి తగిన ఓపికను శ్రీనివాసుడు భక్తులెల్లరకు ప్రసాదించుగాక!