నెట్టుకొచ్చినవాడు

ఎవరైనా ఇరవయ్యేళ్ళు ఒకే పని చేస్తే "ఏదో నెట్టుకొచ్చాడులే" అంటాం. ఆ మాటలో కాస్త జాలి, కాస్త చిన్నచూపు. పాట్రిక్ మార్లో గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మార్లో కెనడాలోని సస్కాచెవాన్‌లో, పొలాల మధ్య పెరిగిన ఐస్ హాకీ ఆటగాడు. 1997లో ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కుర్రాళ్ళని ఎంచుకున్నప్పుడు మొదటి పేరు జో థోర్న్‌టన్, రెండోది మార్లో. తర్వాత 23 సీజన్లు ఆడాడు, 566 గోల్స్ కొట్టాడు. స్టాన్లీ కప్ మాత్రం ఒక్కసారీ గెలవలేదు. 2021 ఏప్రిల్ 19న, 41 ఏళ్ళ వయసులో, గోర్డీ హౌ పేరిట ఉన్న 1,767 మ్యాచ్‌ల రికార్డు దాటాడు. చివరికి 1,779 దగ్గర ఆగాడు.

చిక్కు ప్రశ్న ఇక్కడే. ఎక్కువకాలం ఉండటం గొప్పతనమేనా? పెద్ద గాయాలు కాకపోవడం అదృష్టం కదా, అందులో అతని ఘనతేముంది? ఈ వాదన నేను కాదనను. మోకాలు దెబ్బతిని పాతికేళ్ళకే ఆట మానేసినవాళ్ళు అతనికన్నా తక్కువ మనుషులేం కారు. వట్టి అంకెని చూసి ఎవరి వ్యక్తిత్వాన్నీ తూచలేం.

అయితే 2009 సంగతి చూడండి. లీగ్ దశలో అందరికన్నా ముందున్న శాన్ హోసే షార్క్స్ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఓడింది. మార్లో కెప్టెన్సీ పోయింది. ఏడాది తర్వాత ఆ బాధ్యత థోర్న్‌టన్‌కే దక్కింది. మార్లో జట్టు వదిలి వెళ్ళలేదు. కెప్టెన్సీ పోయిన మరుసటి సీజన్లోనే 44 గోల్స్ కొట్టాడు, అతని కెరీర్‌లో అదే అత్యధికం. ఆ సీజన్‌తో కలిపి వరసగా ఎనిమిది సీజన్లు అక్కడే ఆడాడు. 2009 ఏప్రిల్ నుంచి చివరి మ్యాచ్ దాకా, జట్లు మారినా, వరసగా 910 మ్యాచ్‌లు ఒక్కటీ మానలేదు.

పదిమందిలో హోదా పోయాక, మర్నాడు అదే డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళి, అదే మనుషుల పక్కన కూర్చుని స్కేట్స్ బిగించుకోవాలంటే ఒంట్లో సత్తువ ఒక్కటీ చాలదు. అది రోజూ మళ్ళీ తీసుకోవాల్సిన నిర్ణయం. మెరుపుకి చప్పట్లు కొట్టడం తేలిక, అది కంటికి కనిపిస్తుంది. ఇలాంటి నిర్ణయం చూసేవాళ్ళకి కనిపించదు, అందుకే అదృష్టం ఖాతాలో రాసేస్తాం.

షార్క్స్ తన చరిత్రలో మొదటిసారి ఒక జెర్సీ నంబరుని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కనపెట్టింది 2023లో. అది మార్లో 12. థోర్న్‌టన్ వంతు 2024లో వచ్చింది.

నెట్టుకొచ్చాడు అనడం తప్పేం కాదు. ఇకమీదట ఆ మాట అనేముందు, ఎంత బరువు నెట్టాడో ఒకసారి అడగాలనుకుంటున్నాను.