రంగు చెప్పే సాక్ష్యం

నీటిలో కరిగిన విషం ఉందని తెలుసుకోవడం నేరుగా చూసిన ప్రత్యక్షమా, గుర్తును బట్టి తేల్చిన అనుమానమా? చెన్నైలోని ఐఐటీ మద్రాసులో తలప్పిల్ ప్రదీప్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ఈ పాత ప్రశ్నకు కొత్త ఉదాహరణ. నానోమీటర్లలో కొలిచే బంగారు రేణువులు నీటిలో విడివిడిగా ఉన్నప్పుడు కెంపు రంగులో కనిపిస్తాయి. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు అంటుకుంటే గుమిగూడి నీలానికి తిరుగుతాయి.

కన్ను చూసేది నీలాన్ని, విషాన్ని కాదు. కొండ మీద పొగను చూసి నిప్పును తెలుసుకోవడం వంటిదే ఇది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో వివరించినట్టు, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న వ్యాప్తి మీదే ఆ అనుమానం నిలుస్తుంది. నీలానికీ విషానికీ అంత గట్టి బంధం ఉందా? ఉప్పు ఎక్కువైనా రేణువులు గుమిగూడతాయి. సముద్రపు ఉప్పు చొరబడే తీరప్రాంతపు బోరునీళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. నిరూపించదలచినది (సాధ్యం) లేనిచోట కూడా కనబడే గుర్తును (హేతువును) తార్కికులు సవ్యభిచారం అన్నారు. విషం లేదని తెలిసిన ఉప్పునీటిని పక్కన పెట్టి పోల్చడం అందుకే తప్పనిసరి. తర్కంలో నిప్పులేని మడుగు విపక్షంగా, అంటే సాధ్యం లేదని తెలిసిన ఉదాహరణగా, చేసే పని ఇదే.

రంగు మారకపోతే విషం లేనట్టేనా? ఉంటే తప్పక కనబడేదే కనబడనప్పుడు మాత్రమే అభావం సిద్ధిస్తుందని న్యాయ దర్శనం అంటుంది. తాగునీటిలో ఒక్కో పురుగుమందుకు, కలుపుమందుకు ఐరోపా సమాఖ్య పెట్టిన సాధారణ హద్దు లీటరుకు 0.1 మైక్రోగ్రాము. ఆ మోతాదుకు స్పందించని పరీక్షలో ఎరుపు ఎరుపుగానే మిగిలితే, నీరు శుద్ధమని అది రుజువు చేయదు.