మీటింగు ఎన్నింటికి?

మా ఇంట్లో నాకు నోరెక్కువని ప్రతీతి. కూరలబండి అతనితో నేను బేరం మొదలెడితే మావారు పేపరు వెనకాల దాక్కుంటారు. అటువంటిదాన్ని, పదిమందిలో లేచి నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడిన సందర్భాలు లెక్కపెడితే మాత్రం ఒక చేతి వేళ్ళే మిగిలిపోతాయి. అందుకనే మొన్నామధ్య మా వీధి చెత్త విషయమై జరిగిన సభలో మైకు పుచ్చుకుని మాట్లాడి, ఇంటికి గాలిలో తేలుతూ వచ్చాను. ఆ తేలడం కాస్తా పదిరోజుల తరవాత, మా వంటింటి సింకు దగ్గర నేలకు దిగింది. ఎలాగో చెబుతాను.

మేముండేది అమీర్‌పేటలో. అమీర్‌పేట అంటే మీకు తెలిసిందేగా: నెత్తిమీద మెట్రో రైళ్ళు, గోడల నిండా కంప్యూటరు కోర్సుల బోర్డులు, రోడ్డు పొడుగునా బట్టల కొట్లు. కాస్త నడిస్తే పంజగుట్ట చౌరస్తా. ఈ హడావుడి వెనక సందుల్లోకి తిరిగితే మావంటి వాళ్ళ అపార్టుమెంట్లు, వాటి వెనక హాస్టళ్ళు, ఇంకా వెనక రేకుల ఇళ్ళ బస్తీ.

మా సందు మలుపులో ఓ చెత్తకుప్ప ఉండేది. 2015 లో స్వచ్ఛ ఆటోలు వచ్చి ఇంటి ముందే చెత్త పట్టుకెళ్ళడం మొదలైందా, అయినా సరే, ఆటో వచ్చే వేళకి నిద్ర లేవనివాళ్ళూ, లేచినా మెట్లు దిగనివాళ్ళూ చీకటిపడ్డాక ఒక కవరు తెచ్చి ఆ మూలకి విసిరి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవారు. అందులో మా మేడవాళ్ళూ ఉన్నారని నాకు తెలుసు. సభలో ఆ సంగతి మాత్రం చెప్పలేదు లెండి.

సభ ఒక బుధవారం, ఉదయం పదకొండు గంటలకి, పంజగుట్ట వెళ్ళే దారిలో ఉన్న ఓ హాల్లో జరిగింది. పిల్లలు కాలేజీలకి, మావారు ఆఫీసుకి వెళ్ళాక, పక్కింటి పిన్నిగారిని తోడు తీసుకుని బయలుదేరాను. పింఛను పుచ్చుకుంటున్న పెద్దలు కొందరు, మావంటి గృహిణులు కొందరు, అంతా కలిపి నలభైమంది ఉంటాం. నా వంతు వచ్చినప్పుడు గొంతు సవరించుకుని, “ఈ వీధి ప్రజలందరి తరఫునా అడుగుతున్నాను” అన్నాను. చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా కుప్ప ఎత్తేశారు. గోడకి సున్నం కొట్టి, నేలన ముగ్గు పెట్టి, నాలుగు క్రోటన్ల కుండీలు కూడా ఉంచారు. నేను ఆ ముగ్గుని ఫోనులో ఫొటో తీసి చుట్టాలందరికీ పంపించాను.

మా పనిమనిషికి కూడా చెప్పుకోవాలనిపించింది. “చూశావా, మూల ఎంత బాగయిందో?” అన్నాను.

“మంచిగైందమ్మా, ఎందుకు గాలే. ఆడ ముగ్గేసిన్రు, కుండీలు వెట్టిన్రు. గిప్పుడు అందరు మా గల్లీ మొగదాల పారేస్తున్రు.”

నా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అయినా నోరెక్కువదాన్ని కదా, ఊరుకోలేదు. “మరి నువ్వు కూడా మీటింగుకి వచ్చి చెప్పవలసింది!”

ఆవిడ గిన్నె మీంచి చెయ్యి తియ్యకుండానే అంది: “పదకొండింటికి నేనేడుంటనమ్మా? మీ ఇంట్లనే గద. నువ్వు మీటింగుకి పోయినవ్, నేను గిన్నెలు తోముకుంట ఇల్లు జూస్కుంట ఉన్న.”

దెప్పలేదు సుమండీ. పాలవాడు నెల లెక్క చెప్పినట్టు చెప్పింది, అంతే. దెప్పినా నయంగా ఉండేది, ఎదురు సమాధానం చెప్పుకునేదాన్ని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. “ప్రజలందరి తరఫునా” అన్నానే, ఆ అందరూ ఎవరు? పనిమనిషి రాలేదు. బట్టల కొట్లలో నిలబడి పనిచేసే ఆడపిల్లలు రాలేదు. హాస్టళ్ళలో ఉండే పిల్లల సంగతి మరీ విచిత్రం. కడపనుంచీ కరీంనగర్‌నుంచీ వచ్చి, ఆరేసి నెలలు ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి గాలి పీల్చి వెళ్ళిపోతారు. చాలామందికి ఓటు సొంత ఊళ్ళోనే ఉంటుంది. టిఫిను పొట్లాలు వాళ్ళే పడేస్తున్నారని సభలో అందరం తిట్టాం గాని, వాళ్ళల్లో ఒక్కరినైనా పిలవాలని ఎవరికీ తోచలేదు. తీరా చూస్తే ఆ హాల్లో కూర్చున్నది ప్రజలు కాదు. బుధవారం పదకొండింటికి తీరికున్నవాళ్ళు.

చట్టం తలుపు తియ్యలేదని అనడానికి లేదు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలూ ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. స్త్రీలకు మూడోవంతుకి తగ్గకుండా సీట్లు ఇవ్వాలంది. 2020 డిసెంబరులో జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లకుగాను సగం ఆడవాళ్ళకే కేటాయించారు. ఆ ఎన్నికలకి ముందు, అక్టోబరులో, చట్టాన్ని సవరించి ప్రతి డివిజనుకీ నాలుగు కమిటీలన్నారు: యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. ఒక్కోదాంట్లో 25 మంది చొప్పున వీధుల్లోని మామూలు మనుషులు వందమంది. 1962 లోనే రాణీ కుముదినీదేవిని మేయరు కుర్చీలో కూర్చోబెట్టిన నగరం మనది. 2009 లో బండ కార్తీకరెడ్డిగారూ, 2021 లో గద్వాల విజయలక్ష్మిగారూ ఆ కుర్చీ ఎక్కారు. కుర్చీ అయితే వచ్చింది. కానీ కుర్చీ ఒక్కటీ చాలదు, అందులో కూర్చునే వేళ కూడా చిక్కాలి. ఆడదానికి అన్నిటికన్నా కరువైనది అదే. ఒకరికి తీరిక చిక్కిందంటే, ఆ పని మరొకరి నెత్తిన పడిందన్నమాట.

ఇదేదో నాకొక్కదానికే తట్టిన సంగతి కాదు. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లంటారే, ఆ ఏథెన్సు నగరంలో క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం ఆరంభంలో పౌరసభకు వచ్చినవాళ్ళకు డబ్బులివ్వడం మొదలుపెట్టారు. మొదట ఒక ఓబోలు నాణెం, తరవాత మూడు. కూలిపని మానుకుని వచ్చి కూర్చున్నవాడి పొట్ట గడవద్దూ? తీరిక ఊరికే రాదని, దానికో ఖరీదుందని వాళ్ళకు తెలిసింది. ఆ మహానుభావులు ఆడవాళ్ళనీ, బానిసలనీ ఆ సభ గడప తొక్కనివ్వలేదనుకోండి. వాళ్ళు సభలో ఉపన్యసిస్తుంటే ఇంట్లో రొట్టెలు కాల్చింది ఎవరంటారు?

అంత దూరం ఎందుకు, మన నెల్లూరు జిల్లా దూబగుంట లేదూ? 1992 లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళని ఎవరూ పదకొండింటికి హాలుకి పిలవలేదు. పగలంతా పనిచేసుకుని, రాత్రిళ్ళు అక్షరాలు దిద్దుకోవడానికి ఒకచోట చేరిన ఆడవాళ్ళు వాళ్ళు. చదువుకుంటూ తమ బాధలు మాట్లాడుకున్నారు, మాట్లాడుకుని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించవలసి వచ్చింది. ఆ సభ జరిగిన చోటు వాళ్ళ ఊళ్ళోదే, వేళ కూడా వాళ్ళదే. అందుకనే దానికంత బలం.

ఇదంతా మావారితో చెబితే, “అయితే అందరూ వచ్చేదాకా మీటింగులే వద్దంటావా? నువ్వు వెళ్ళకపోతే ఆ కుప్ప ఇంకా అక్కడే ఉండేది” అన్నారు. నిజమే. వెళ్ళడం తప్పని నేననడం లేదు. 2020 ఎన్నికల్లో మన నగరంలో ఓటు వేసినవాళ్ళే సగానికి తక్కువ. ఉన్న నలుగురమూ మానేస్తే ఇంక మాట్లాడేదెవరు? నే చెప్పేది వేరు. వెళ్ళినవాళ్ళు, రాలేనివాళ్ళ గొంతు కూడా తమదే అనుకోకూడదు. ఒక వస్తువుని నా గుమ్మం ముందునుంచి తీసెయ్యమని అడిగేముందు, అది ఎవరి గుమ్మం ముందుకి పోతుందో కనుక్కోవాలి. మన కష్టం చెప్పుకోవడం హక్కే. పక్కవాళ్ళ కష్టం వినేదాకా కూర్చోవడం కూడా ఉంది, దాన్నేమనాలో నాకు తెలీదు గాని, అది లేకపోతే మన హక్కు చెత్తకుప్పలాంటిదే. ఈ మూలనుంచి ఆ మూలకి జరుగుతుందంతే.

నెల తిరిగాక మళ్ళీ సభ అన్నారు. మళ్ళీ పదకొండింటికే. ఈసారి పనిమనిషిని వెళ్ళమన్నాను. “నేనేం మాట్లాడతనమ్మా” అని ఓ పట్టాన ఒప్పుకోలేదు. జీతం కొయ్యనని, అంట్లు నేనే తోముకుంటానని చెప్పాను. ఆవిడ చేసే మిగతా మూడిళ్ళకీ నేనే ఫోన్లు చేశాను. ఒకావిడ, “దానికి మీటింగులేమిటండీ!” అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో నేను మహిళామండలికి వెళ్తానంటే మా అత్తగారు సరిగ్గా ఆ మాటే అన్నారు.

పక్కింటి పిన్నిగారే ఆవిణ్ణి వెంటబెట్టుకు వెళ్ళారు. చెత్త గురించి అడుగుతుందని నేననుకున్నాను. వచ్చాక పిన్నిగారు చెప్పారు, ఆవిడ అడిగింది చెత్త కాదట, దీపం! “మా బిడ్డ బట్టల దుకాణంల పనిజేస్తది. రాత్రి పదింటికి ఇంటికొస్తది. గల్లీల లైటు లేదు. చెత్త సంగతి తర్వాత, ముందుగాల లైటు వెయ్యిరి” అన్నదట. ఇన్నేళ్ళుగా మా ఇంటికి వస్తోంది, ఆ గల్లీలో దీపం లేదన్న సంగతే నాకు తెలీదు. ఆవిడ తరఫున నేనే మాట్లాడి ఉంటే ఆ మాట ఎప్పటికీ సభకెక్కేది కాదు.

లైటు వేశారు. ఇప్పుడు ఆ పిల్ల వెలుతురులో నడిచి వస్తోంది. చెత్త కూడా తగ్గిందట. పూర్తిగా పోయిందని కాదు. చీకట్లో విసిరేవాళ్ళకి వెలుతురులో చెయ్యి లేవద్దూ?

ఇక ఆ రోజు నేను తోముకున్న అంట్ల సంగతి అడక్కండి. మాడిన పాలగిన్నె ఒకటి, ఎంత రుద్దినా వదల్లేదు. సాయంత్రం ఆవిడ వచ్చి దాన్ని చూసి నవ్వి, “ఉండనియ్యమ్మా, రేపు నేను జూస్త” అంది.

మీ వీధిలో కూడా ఎప్పుడో ఒకప్పుడు మీటింగని కబురొస్తుంది. తప్పకుండా వెళ్ళండి. వెళ్ళేముందు ఎన్నింటికి అని అడగండి. అడిగి, ఆ వేళకి మీ ఇంటి గిన్నెలు ఎవరి చేతిలో ఉంటాయో ఒక్కసారి చూసుకోండి.