నిప్పుకు ఎదురెళ్లేవారు



ఎండలు ముదిరాయంటే పల్నాడులో మిరప కళ్లాలకీ, గడ్డివాములకీ, పత్తి మిల్లులకీ అగ్గిభయమే. నరసరావుపేట, మాచర్ల, గురజాల రైతులకు పత్తి మంట సంగతి వేరే చెప్పాలా? పైన ఎన్ని నీళ్లు కొట్టినా బేలు లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడలో పత్తి బేళ్లు అంటుకున్నాయి. అదే ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. అగ్నిమాపక సిబ్బంది మంటలతో పోరాడారు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. ఆ అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది అమరులయ్యారు. వారి స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుకుంటున్నాం.

అందరూ మంటకు దూరంగా పరుగెత్తే వేళ మంటలోకి నడిచేవారు కూడా ఒక ఇంటి బిడ్డలే. వారికి దండలు వేస్తే చాలదు. కళ్లం దగ్గర బీడీ ముక్క పారేయకండి. ఫైరింజనుకు దారివ్వండి. 101కి ఫోన్ చేసినప్పుడు లోపల గ్యాస్ సిలిండర్లున్నాయా, పురుగుమందులున్నాయా, కరెంటు తీశారా అన్నది ముందే చెప్పండి. ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు. మన కోసం వెళ్లినవారిని క్షేమంగా ఇంటికి పంపే బాధ్యత మనది కూడా.