పెడల్ దాటి వచ్చిన నాదం ఎవరిది?

బేస్ గిటార్ వాయించేవాళ్లలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. వేలు తీగను తాకితే నేరుగా పుట్టేదే అసలు నాదమనీ, పెడల్ దాని మీద వేసే ముసుగనీ అంటారు. కచేరీకి మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ సిద్ధం చేసుకునేటప్పుడు కంప్రెసర్, డ్రైవ్, కోరస్ లాంటివన్నీ తప్పనిసరై ఒప్పుకున్న రాజీలా కనిపించేది ఈ నమ్మకం వల్లే. పాటపాటకూ ప్రీసెట్ మార్చినప్పుడల్లా అసలుకు ఇంకాస్త దూరం జరిగామన్న బెంగ మనసులో మెదులుతుంది. ఈ బెంగకు వేరు చాలా పాత ప్రశ్నలో ఉంది: కారణాలతో నిమిత్తం లేకుండా ఒక వస్తువుకు తనదంటూ ఒక స్వరూపం ఉంటుందా? నాదం విషయంలో అలాంటి స్వరూపం లేదని నేననుకుంటాను. అయినా నిజమైన వాద్యానికీ బూటకానికీ తేడా ఉంది. ఆ తేడాను పెడల్ అమర్చుకునే తీరులోనే పట్టుకోవచ్చు.

ఈ ప్రశ్నకు బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పిన వీణ కథ ఒకటి దారి చూపుతుంది. ఎన్నడూ వీణ వినని ఒక రాజు దాని నాదానికి ముగ్ధుడై, ఆ నాదాన్ని పట్టుకురమ్మంటాడు. సేవకులు వీణ తెస్తారు. వీణ నాకెందుకు, నాదం తెండి అంటాడు రాజు. బుర్ర, తోలు, దండి, తీగలు, మీటే పనిముట్టు, వాయించేవాడి ప్రయత్నం, ఇవన్నీ కలిస్తేనే నాదమని వాళ్లు విన్నవిస్తారు. రాజు వినిపించుకోడు. వీణను ముక్కలు చేసి, కాల్చి, బూడిదను గాలికి తూర్పారబట్టి చూస్తాడు. నాదం దొరకదు. మనిషిలో ‘నేను’ కోసం వెతికేవాడికి కూడా ఇలాగే ఏదీ దొరకదని చెప్పడానికి బుద్ధుడు ఈ కథ చెప్పాడు. ఆ కారణాల జాబితాలో వాయించేవాడి ప్రయత్నం కూడా ఒక అంశంగానే ఉంది. అది ముఖ్యమైనదే గానీ, మిగతావాటిని తోసేసి నిలబడగలిగినది కాదు.

విద్యుత్ బేస్ గిటార్ విషయంలో ఈ మాట మరింత సూటిగా తగులుతుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు డొల్ల పొట్ట లేదు, గట్టి చెక్క పలక ఉంది. ఆంప్ లేకపోతే పక్క గదిలోవాళ్లకు కూడా దాని చప్పుడు సరిగా వినిపించదు. ఇనుప తీగ అయస్కాంత క్షేత్రంలో కదిలితే పికప్ చుట్టలో సన్నటి విద్యుత్తు పుడుతుంది. మనం వినేది దాని ఫలితమే. పికప్ ఉన్న చోటు, టోన్ నాబ్, తీగల వయసు, స్పీకర్ కొలత అన్నీ నాదాన్ని మలిచేవే. ఇన్ని కారణాలను ఒప్పుకుని, వాటి వరుసలో పెడల్ చేరగానే అసలు పోయిందనడానికి ఆధారమేమిటి? మన న్యాయశాస్త్రం కూడా ఇదే వైపు చూపుతుంది. నైయాయికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో శబ్దాన్ని మూడు రకాలుగా చెప్పాడు. కర్ర భేరిని తాకితే పుట్టేది సంయోగజం, వెదురు చీలితే పుట్టేది విభాగజం, ఒక శబ్దం నుంచి పుట్టిన మరో శబ్దం శబ్దజం. మన చెవికి చేరేది ఈ మూడోదే. మొదటి శబ్దం ఏ శ్రోతకూ అందదు. నైయాయికుడి లెక్కలో మధ్యవర్తి లేని వినికిడే లేదు.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. టోన్ అంతా వేళ్లలోనే ఉందంటారు, బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్‌ను సాక్ష్యంగా చూపిస్తారు. మోటౌన్ రికార్డుల సంస్థ స్టూడియోలో ఆయన బేస్ నేరుగా మిక్సింగ్ కన్సోల్‌లోకి వెళ్లేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మీటేది. పెడళ్లు లేకుండానే ఆ నాదాన్ని లోకం గుర్తుపట్టింది. వేలికున్న బలాన్ని నేను కాదనను. కానీ ఆ నాదంలో ఏళ్ల తరబడి మార్చని ఫ్లాట్‌వౌండ్ తీగలున్నాయి, కన్సోల్ ఉంది, ఆ గదిలో మిగతా వాద్యకారులున్నారు. ఆయన గొప్పతనం ఈ కారణాలను లేకుండా చేసుకోవడంలో లేదు. వాటి గుండా తన వేలు వినిపించేలా చేయడంలో ఉంది.

ఇంకా పదునైన అభ్యంతరం వేరే ఉంది. అన్నీ కారణాల కూడికే అయితే, ముందే రికార్డు చేసిన బేస్‌ను నడిపిస్తూ వేదిక మీద వేళ్లు ఆడించేవాడిని తప్పుపట్టేదెలా? ఇలాంటి ప్రశ్ననే బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు మూలమధ్యమక కారిక ఇరవైనాలుగో ప్రకరణంలో ఎదుర్కొన్నాడు. వస్తువులకు సొంత స్వభావం లేదంటే మంచిచెడ్డలూ సాధనా అన్నీ కూలిపోవా అన్నది ప్రతిపక్షం. మార్పులేని స్వభావం ఉంటేనే అవి కూలుతాయని, కారణాల మీద ఆధారపడినవి కాబట్టే మారతాయి, ఫలిస్తాయి అని ఆయన సమాధానం. దాన్ని ఇక్కడికి తెస్తే ఒక కొలబద్ద దొరుకుతుంది. ఇప్పుడు ఈ వేలు వేరేగా కదిలితే వినేవాళ్ల చెవిలో నాదం వేరేగా ఉంటుందా? ఉంటే అది వాద్యం. వేలు ఆగినా ఆగని బేస్‌లో వాయించేవాడి ప్రయత్నం కారణంగా లేదు, ఉందని నమ్మిస్తున్నారు. తప్పు ఆ నమ్మించడంలో ఉంది, యంత్రంలో లేదు.

ఈ కొలబద్దతో పెడల్‌ను చూస్తే మామూలు తీర్పులు కొన్ని తలకిందులవుతాయి. డ్రైవ్ నాదాన్ని ఎంత చెరిపినా, గట్టిగా మీటితే గరగరమంటుంది, మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది. కింది స్థాయి పల్చబడకుండా శుభ్రమైన సిగ్నల్‌ను కొంత కలిపితే అది చేతికి బాగా లొంగే సాధనం. ఎవరికీ అనుమానం రాని కంప్రెసరే ఎక్కువ ప్రమాదం. త్రెషోల్డ్ మరీ దించి, నిష్పత్తి మరీ పెంచితే మెత్తటి స్పర్శా బలమైన స్పర్శా ఒకే ఎత్తున పడతాయి, వేలి మాట పోతుంది. అటాక్‌ను కాస్త ఆలస్యంగా పెడితే మీటిన తొలి దెబ్బ తప్పించుకుని బయటపడుతుంది. సహజంగా వినిపిస్తోంది గదా అని సంతోషించేవాళ్లు ముందు కంప్రెసర్‌ను పరీక్షించుకోవాలి.

గది కూడా కారణమే. మామూలు బేస్‌లో అన్నిటికన్నా కింది తీగ సుమారు 41 హెర్ట్జ్. గాలిలో దాని తరంగం ఎనిమిది మీటర్లు దాటుతుంది. హాలు గోడల మధ్య దూరాన్ని బట్టి అది ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట మాయమవుతుంది. చెవి తీరు కూడా మారుతుంది: సద్దు తక్కువగా ఉన్నప్పుడు మంద్రం మనకు సరిగా వినిపించదని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. ఇంట్లో తక్కువ సద్దులో తీయగా అమర్చుకున్న బేస్ వేదిక మీద డ్రమ్ములనూ గాయకుడినీ మింగేసేది అందుకే. మిక్సర్‌కు నేరుగా పంపితే స్పీకర్ పెట్టెను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ కావాలి, స్పీకర్ ఉన్న ఆంప్‌కు పంపితే దాన్ని తీసేయాలి. సౌండ్‌చెక్‌లో ప్రీసెట్‌ను సవరించుకోవడం అసలుతో రాజీపడటం కాదు, ఆ హాలులోనే నాదం మొదటిసారి పుడుతోంది.

ఈ కొలబద్దకు, వాయించిన వరుసను పట్టి తిప్పే లూపర్ గట్టి పరీక్ష. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వేదిక మీదే డిజిటల్ డిలేతో ఒక వరుసను పట్టి తిప్పుతూ, దాని మీద తాను వాయించేవాడు. తిరిగే వరుసకు ఆ క్షణంలో వేలితో పనిలేదు. కానీ అది ఆ శ్రోతల ఎదుటే పుట్టింది, ఎలా పుట్టిందో వాళ్లు చూశారు, తప్పు దొర్లితే ఆ తప్పే తిరిగి తిరిగి వినిపిస్తుంది. ఇంట్లో చేసి తెచ్చిన ట్రాక్‌కు ఆ గండం లేదు. అందుకే మొదటిదాన్ని వాద్యమంటాను. రెండోది వాడేవాళ్లు సంగతి శ్రోతలకు చెప్పి వాడాలి.