పెద్ద పడవ కొనవలెనా?



మా మేనల్లుడొకడు అమెరికా దేశమున మేరీలాండు రాష్ట్రములో ఉద్యోగము చేయుచు భార్యాబిడ్డలతో కాపురముండుచున్నాడు. అచ్చట చెసపీక్ అను పెద్ద అఖాతమున్నది. వానికి 25 అడుగుల పాత తెరచాప పడవ యొకటి కలదు. సెలవు దినములలో దానిమీద తిరుగుట వానికి మిక్కిలి ఇష్టము. ఇటీవల వాడు నాకిట్లు వ్రాసెను: "మామయ్యా, మా రేవులో 35 అడుగుల పడవ యొకటి అమ్మకమునకు వచ్చినది. వాడినదే గాని చూపునకు బాగుగానున్నది. కొంత అప్పు చేసినయెడల కొనగలను. కొనవలెనా? లేక ఇది దురాశ యగునా?"

విహారపు పడవతో పల్లెటూరివారమైన మనకేమి పని యనుకొనవద్దు. రెండెకరముల పక్కన మూడెకరములు కొనదలచినవానికిని, ఉన్న యిల్లు విప్పి మేడ కట్టదలచినవానికిని ఎదురగు ప్రశ్న యిదియే.

మొదట లెక్క చూతము. పునాది వేయకముందే సొమ్ము సరిపోవునో లేదో చూచుకొనవలెనని ప్రభువు బోధించెను గదా (లూకా 14). 25కు 35కు భేదము 10 అడుగులే యని తోచును. అయితే పొడవుతో పాటు వెడల్పును లోతును పెరుగును గనుక, అదే తీరున కట్టిన పడవ బరువు రెండున్నర రెట్లు దాటును. తెరచాప గుడ్డ ఇంచుమించు రెండింతలగును. తాళ్లు లావగును, లంగరు బరువగును, పూయవలసిన రంగు హెచ్చును. రేవులో కట్టివేయుటకు సామాన్యముగా అడుగుల లెక్కన రుసుము తీసికొందురు. ఇంత చేసి సంపాదించు వేగమెంత? మంచి గాలిలో చిన్నది గంటకు సుమారు 11 కిలోమీటర్లు పోవును, పెద్దది 13. పైగా పెద్ద పడవకు నీటిలోనికి దిగియుండు భాగము సాధారణముగా లోతెక్కువ. చెసపీక్ సగటు లోతు 21 అడుగులే. చిన్న పడవ దూరగల పిల్లకాలువలు కొన్ని పెద్దదానికి మూతబడును.

ఇక వాడిన పడవను కొనునప్పుడు తెలిసినవారు దానిని నీటిలోనుండి పైకి తీయించి, చిన్న సుత్తితో అంగుళమంగుళము తట్టి చూతురు. ఫైబరు పొరలనడుమ ఉన్న కొయ్య కుళ్లినచోట మొద్దు శబ్దము వచ్చును. మన యాడవారు కుండ కొనునప్పుడు వ్రేలితో తట్టి చూచుట లేదా? అట్లే కోరికను కూడ తట్టి చూడవలెను. గట్టిదైన ఖంగున మ్రోగును. లోపల మరియేదో యున్నయెడల మొద్దుగా పలుకును.

పెద్దది కోరుట దానంతట అదే పాపము కాదు. లూకా సువార్తలో కొట్లు విప్పి పెద్ద కొట్లు కట్టదలచిన ధనవంతుని చూడుడి. పంట హెచ్చినప్పుడు కొట్టు చాలకపోవుట నిజమే. అయితే అతడు తనలో తాను ఆలోచించుకొనెను, తనతోనే మాటలాడుకొనెను. ఆ యాలోచనలో పొరుగువాడు లేడు, కూలివాడు లేడు, భార్యాబిడ్డలు లేరు. దేవుడు పిలుచువరకు అతనితో మాటలాడిన వేరొకడు ఆ కథలో లేడు.

దానిపక్కన సీమోను దోనెను పెట్టి చూడుడి. 1986వ సంవత్సరమున కరవుచేత గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు బురదలో పాత చేపల పడవ యొకటి బయటపడెను. అది మొదటి శతాబ్దపు కాలముదని పండితులు తేల్చిరి. ఎవరిదో తెలియదు. పొడవు సుమారు 27 అడుగులు, మా మేనల్లుని పడవకంటె రెండడుగులే ఎక్కువ. పలురకముల కొయ్యలతో మరమ్మతు చేసి, అతుకుమీద అతుకు వేసి, చాలకాలము వాడినది. ఇంచుమించు అట్టి దోనెలలోనే శిష్యులు వల వేసియుందురు. లూకా 5వ అధ్యాయములో చేపలు విస్తారముగా పడి వలలు పిగులబోయినప్పుడు వారేమి చేసిరి? వేరొక దోనెలోనున్న పాలివారిని సైగచేసి పిలిచిరి. రెండు దోనెలును నిండెను. చిన్నది చాలనప్పుడు పెద్దదానిని కొనుట యొక మార్గము. తోడివానిని పిలుచుట యింకొక మార్గము. మనకు మొదటిదే ముందుగా తోచును.

నా సంగతియు చెప్పవలెను. నేను చాల ఏండ్లు మోపెడుమీద తిరిగితిని. గట్టుమీద ఎవరైన చేయెత్తినయెడల ఆగి మాటలాడువాడను. తరువాత వాడిన కారొకటి కొంటిని. వానలో తడియకుండ రోగుల ఇండ్లకు పోవచ్చునని అందరితో చెప్పితిని. ఆ మాట అబద్ధము కాదు. అయితే కారు మా పేట సందులోనికి దూరదు. దూరినను పెట్రోలు ఖర్చు గుర్తుకు వచ్చును. ఏడాది గడచిన పిమ్మట ఒక ముసలమ్మ, "అయ్యా, మీకు బండి పెద్దదైంది, మా వీధి చిన్నదైంది" అనెను. నేను మారుమాట చెప్పలేకపోతిని. ఇప్పుడు మోపెడును మరల బాగుచేయించితిని. వాన దినములకు కారు, మిగిలిన దినములకు మోపెడు.

కావున మేనల్లునికి కొను మనియు వ్రాయలేదు, కొనవద్దనియు వ్రాయలేదు. మూడు మాటలు మాత్రము అడిగితిని. గత యేడాది ఎన్ని మారులు పడవ విప్పితివి? ఏ పనికి ఈ చిన్నది చాలలేదు? ఈ సంగతి నీ భార్యతో మాటలాడితివా? నిజమైన అవసరమునకు పేరుండును. ఆశకు కొలత మాత్రమే యుండును. "పిల్లలు ఎదిగిరి, రాత్రి పండుకొనుటకు చోటు లేదు" అనునది పేరు. "ఇంకొక పది అడుగులు" అనునది కొలత.

వాని జవాబు గతవారము వచ్చినది. పోయిన యేడాది తొమ్మిదిమారులే పోయెనట. పిల్లలకు చోటు చాలనిది నిజమేనట, అయితే అట్టి రాత్రులు రెండే. మిగిలినదంతయు రేవులో పక్కన కట్టియున్న పెద్ద పడవను చూచి పుట్టినదని ఒప్పుకొనెను. భార్యనడుగగా ఆమె, "పడవ చిన్నదని కాదండీ, పడవ ఎక్కినా మీరు ఫోను దిగరు" అనెనట.

తరువాత వాడు ధైర్యము చేసి ఆ పక్క పడవవానిని పలుకరించెను. ఒంటరిగా అంత పడవను నడుపుట కష్టమై, అతడు తనకంటె తక్కువమారులే పోయెనని తెలిసెను. ఒక శనివారము రెండు పడవలును కలిసి వెళ్లినవి. పిల్లలు పెద్దదానిలో పండుకొనిరి. ఫోను ఇంటిలోనే యుండెను.

ఈ యేడాది కొనలేదు. పిల్లలు ఇంకను ఎదిగినయెడల వచ్చే యేడాది కొనునేమో. అప్పుడు కొనినను నాకు చింతలేదు. ఈమారు వాడు ఒంటరిగా ఆలోచించుకొనడు.

మన యింటిలో మనము కొనదలచిన పెద్ద వస్తువేది? దాని సంగతి ఎవరితోనైన మాటలాడితిమా?