ఖరీదైన ఇంజనా, మంచి బ్రేకులా?

"డబ్బు నా కష్టార్జితం, సరదా నా సొంతం. ఎంత ఖర్చు పెట్టుకుంటే ఎవరికేం?" ఈ మాట మనం తరచుగా వింటుంటాం. పైకి చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేనట్టే వుంటుంది. అది దొంగిలించిన సొమ్ము కాదు, ఎవరినీ మోసగించి తెచ్చినదీ కాదు. అయినా ఈ మాట వినగానే క్రైస్తవ మనస్సాక్షి ఎక్కడో కొంచెం ఇబ్బంది పడుతుంది. ఆ ఇబ్బంది న్యాయమైనదేనా? అయితే దాని హద్దు ఎక్కడ? ఈ వారం ఈ ప్రశ్నను పాత అమెరికా కార్ల పందాల మీద పెట్టి పరిశీలిద్దాం. మన పాఠకుల బిడ్డలు కొందరు ఆ దేశంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అక్కడి సరదాలు వారి ఇళ్ళలోకీ వస్తున్నాయి. గనుక ఇది మనకు బొత్తిగా సంబంధం లేని విషయం కాదు.

1964లో పాంటియాక్ కంపెనీ ఒక మామూలు మధ్యతరగతి కారులో పెద్ద ఇంజను బిగించి 'జి.టి.ఓ.' అని పేరు పెట్టింది. అలాంటి బండ్లనే తర్వాత 'మజిల్ కార్లు' అన్నారు. సామాన్యుడికి అందుబాటు ధరలో వేగం, అదే వాటి ఆకర్షణ. ప్లిమత్ కంపెనీ 1968లో తెచ్చిన 'రోడ్ రన్నర్' ఇందుకు మంచి ఉదాహరణ. లోపల తివాచీలు లేవు, సోకులు లేవు. ధర 2,896 డాలర్లు. ఆ ధరకే 335 అశ్వశక్తి గల ఇంజను ఇచ్చారు. ఇంకా శక్తి కావాలన్నవారికి 'హెమి' అనే ఇంజను వుంది, దానికి అదనంగా సుమారు 714 డాలర్లు చెల్లించాలి. అంటే కారు ధరలో దాదాపు నాలుగో వంతు! ఆ సంవత్సరం అమ్ముడుపోయిన సుమారు 45 వేల రోడ్ రన్నర్లలో హెమి తీసుకున్నవి వెయ్యికి కాస్త ఎక్కువ. చవక బండిని ఉన్నదున్నట్టు నడుపుకోవడమా, ఖరీదైన భాగాలు వేయించడమా అన్న తర్జనభర్జన ఆ కార్లు పుట్టిన నాటినుండే వుందన్నమాట. నేడు ఆ పాత బండ్లను పందాలకు సిద్ధం చేసేవారు కూడా ఈ ప్రశ్ననే ఎదుర్కొంటున్నారు.

ఇక్కడ చాలామంది తొందరపడి తీర్పు చెప్పేస్తారు. తక్కువ ఖర్చు పుణ్యమనీ, ఎక్కువ ఖర్చు పాపమనీ అంటారు. శ్రీసభ ఉపదేశం అంత సులువుగా తేల్చదు. 13వ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్ తన 'సుమ్మా తెయొలోజికా'లో ఖర్చు విషయమై ఒక సుగుణాన్ని వివరించారు. గొప్ప పనికి తగినట్టు గొప్పగా వ్యయం చేయగల గుణమది. అరిస్టాటిల్ కూడా దీనిని చర్చించాడు. దానికి అటూ ఇటూ రెండు దుర్గుణాలు వున్నాయంటారు పునీతులు. ఒకటి, పనికి కావలసినదానికన్నా తక్కువ పెట్టి పనిని చెడగొట్టే నీచపు పొదుపు. రెండవది, పని విలువను మించి గుమ్మరించే దుబారా. చూడండి, కొలబద్ద డబ్బు మొత్తం కాదు, పనికీ ఖర్చుకూ గల పొందిక. కాబట్టి వందల్లో ఖర్చు పెట్టినవాడు దోషి కావచ్చు, వేలల్లో పెట్టినవాడు నిర్దోషి కావచ్చు.

అయితే పందెం కారు విషయంలో పొందిక అంటే ఏమిటి? దీనికి జవాబు మెకానిక్ షెడ్డులోనే దొరుకుతుంది. 1960లలో వచ్చిన ఈ కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఒకటి రెండుసార్లు గట్టిగా ఆపితే అవి వేడెక్కి పట్టు సడలిపోతాయి. 1967కు ముందు చాలా బండ్లలో మాస్టర్ సిలిండరు నుండి నాలుగు చక్రాలకూ ఒకే మార్గంలో బ్రేక్ ఆయిల్ వెళ్ళేది. ఎక్కడ ఒక గొట్టం కారినా బ్రేకులన్నీ పోయేవి. ఇక వేగం రెట్టింపైతే, బండిని ఆపడానికి బ్రేకులు భరించవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఇటువంటి కారులో ముందు ఖరీదైన ఇంజను బిగించేవాడు ఏం చేస్తున్నట్టు? ఆగలేని బండికి పరుగు నేర్పుతున్నట్టు! అంతటితో ఐపోదు. కొత్త ఇంజను శక్తికి పాత గేరుబాక్సు విరుగుతుంది, వెనుక ఇరుసు తట్టుకోదు, రేడియేటరు చాలదు. ఒక ఖర్చు పది ఖర్చులను కంటుంది. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14) ఈ షెడ్డుకు కూడా వర్తిస్తుంది.

అదే మనిషి రెండు మార్గాల మాస్టర్ సిలిండరు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, కొత్త బ్రేక్ ఆయిల్, మంచి టైర్లు, సరైన బెల్టు, హెల్మెట్ సమకూర్చుకుంటే? వీటికయ్యే ఖర్చు పెద్ద ఇంజనుతో పోలిస్తే తక్కువే. కాని వీటిని చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇంజను చప్పుడు నలుగురికీ వినిపిస్తుంది. బ్రేకు మంచితనం ప్రమాదం తప్పిన రోజున ఒక్కడికే తెలుస్తుంది. మన ఊళ్ళలో మోటారు సైకిలుకు సైలెన్సరు మార్పించి, హెల్మెట్ మాత్రం కొనని కుర్రవాళ్ళు వున్నారు కదా, జబ్బు ఒక్కటే. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2290), వేగం మీది మోజుతో తనకూ ఇతరులకూ రోడ్డుమీద ప్రమాదం తెచ్చిపెట్టేవారిది ఘోర దోషమని బోధిస్తోంది. ప్రాణం దేవుని సొత్తు, మనం దాని ధర్మకర్తలం మాత్రమే. గనుక బ్రేకుల దగ్గర మిగిల్చిన డబ్బు పొదుపు అనిపించుకోదు. పునీత తోమాస్ ఖండించిన నీచపు పొదుపు సరిగ్గా అదే.

ఈ సత్యాన్ని ఒక నవ్వులాట పందెం చక్కగా పట్టుకుంది. ఫ్రాన్సులో 1923 నుండి జరుగుతున్న '24 గంటల ల మాన్స్' పందెం ప్రపంచ ప్రసిద్ధం. దానిని ఎగతాళి చేస్తూ 2006లో కాలిఫోర్నియాలో '24 గంటల లెమన్స్' అనే పందాలు మొదలయ్యాయి. అమెరికా వాడుకలో 'లెమన్' అంటే డొక్కు కారు. నియమం ప్రకారం కారు ధర, దాని తయారీ ఖర్చు కలిపి 500 డాలర్లు దాటకూడదు. దాటినట్టు తేలితే శిక్షగా చుట్లు తగ్గిస్తారు. కాని ఒక మినహాయింపు వుంది. లోపల బిగించే ఇనుప గొట్టాల పంజరం, బ్రేకులు, టైర్లు, హెల్మెట్ మొదలైన రక్షణ సామగ్రి ఖర్చు ఆ 500లో లెక్కకు రాదు. ప్రాణరక్షణకు పెట్టేది విలాసం ఖాతాలోకి ఎక్కదు! నవ్వుకోవడానికి పెట్టుకున్న పందెంలో ఎంత గంభీరమైన నీతి!

సరే, బ్రేకులు బాగుచేసుకున్నాడు, ప్రాణానికి భద్రత కల్పించుకున్నాడు. ఆ తర్వాత ఖరీదైన ఇంజను కొనుక్కోవచ్చా? ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, ఖరీదైన ప్రతి పనీ పాపం కాదు. బెతానియాలో మరియమ్మ యేసు పాదాలకు పూసిన పరిమళ తైలం విలువ మూడు వందల దీనారాలు, అంటే ఇంచుమించు ఒక కూలివాని ఏడాది సంపాదన. పేదల పేరు చెప్పి దానిని తప్పుపట్టినవాడు యూదా. ప్రభువు అతనిని సమర్థించలేదు (యోహాను 12). ఇతరుల ఖర్చును లెక్కబెట్టే ముందు ఈ ఘట్టాన్ని మనం జ్ఞాపకం చేసుకోవాలి. ఆటకూ వినోదానికీ మనిషి జీవితంలో న్యాయమైన చోటు వుందని కూడా పునీత తోమాస్ అంగీకరించారు. పైగా తుప్పుపట్టిన బండిని సొంత చేతులతో బాగుచేసుకోవడంలో శ్రమ గౌరవం వుంది. వాడిపారేసే సంస్కృతిని 2015 నాటి 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఖండించారు. పాత వస్తువును నిలబెట్టుకోవడం ఆ ఉపదేశానికి దగ్గరి పనే.

రెండవది, మరియమ్మ ఆ తైలాన్ని తనకోసం దాచుకోలేదు, ప్రభువు కోసం వెచ్చించింది. మన ఖర్చు ఎవరికోసం? 1891లో 'రేరుం నోవారుం' విశ్వలేఖలో పదమూడవ లియో జగద్గురువులు సొత్తును కలిగివుండే హక్కు వేరు, దానిని వినియోగించే తీరు వేరు అని విడమరచి చెప్పారు. తన అవసరాలూ, తన స్థితికి తగిన అవసరాలూ తీరిన తర్వాత మిగిలినదానిలోనుండి లేనివారికి ఇవ్వడం కర్తవ్యమన్నారు. కాబట్టి "డబ్బు నాది" అన్న మాట సగం సత్యమే. సంపాదించిన హక్కు నాదే, కాని దానిమీద పేదవాని చూపు కూడా వుంది.

మరొక శోధన కూడా ఈ ఆటలో వుంది. 1966లో మొదలైన ట్రాన్స్-యామ్ పందాలలో ఇంజను పరిమాణం 305 ఘనపు అంగుళాలు దాటరాదని హద్దు పెట్టారు. షెవ్రొలె ఇంజనీర్లు కొత్తదేమీ కనిపెట్టలేదు. తమ దగ్గరున్న 327 ఇంజను దిమ్మెలో 283 ఇంజను క్రాంకు షాఫ్టు వేసి 302 ఘనపు అంగుళాల ఇంజను తయారుచేశారు. 1967 కమారో జెడ్-28లో బిగించినది అదే. ఉన్నవాటితోనే సాధించడమంటే ఇదీ! కాని అదే పందాలలో బరువు తగ్గించడానికి కారు రేకును ఆమ్లంలో ముంచి పలుచన చేసిన జట్టు కూడా వుంది. గెలుపు మీది ఆశ మొదట తెలివిని పదును పెడుతుంది. ఆ తర్వాత నియమాన్ని అరగదీస్తుంది. ఎక్కడ మొదటిది ముగిసి రెండవది ప్రారంభమైందో మనస్సాక్షికి తెలుసు.

కనుక ఇటువంటి ఖర్చు చేయబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఒకటి: ఇది ప్రాణాన్ని కాపాడుతుందా, ప్రమాదంలోకి నెడుతుందా? రెండు: దీనికోసం అప్పు చేస్తున్నానా, ఇంట్లో భార్యాబిడ్డలకు గాని, ఊరిలో ముసలి తల్లిదండ్రులకు గాని చెందవలసినది ఇందులోకి పోతున్నదా? మూడు: ఈ ఖర్చు గురించి దేవుని ఎదుట, ఇంటివారి ఎదుట దాచకుండా చెప్పుకోగలనా? రసీదును దాచిపెట్టవలసి వచ్చిందంటే జవాబు దొరికినట్టే.

ఈ మూడింటికీ నిర్భయంగా సమాధానం చెప్పగలిగినవాడు తన బండిని సంతోషంగా నడుపుకోవచ్చు, అతని ఆనందాన్ని మనం తప్పుపట్టనవసరం లేదు. చెప్పలేనివాడు మాత్రం వస్తువుకు తాను యజమానిగా వున్నాడో, వస్తువే తనకు యజమాని ఐందో తేల్చుకోవాలి. ఎంత వేగంగా వెళ్ళగలమని అడగడం సులువు. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే వివేకం. ఆ వివేకాన్ని పవిత్రాత్మ మనకందరికీ, ముఖ్యంగా మన యువతకూ అనుగ్రహించును గాక!